మహాసభలా, చిన్న కథా సమావేశమా: కొత్త కథకులకు ఏది మేలు?

సెలవు, ఖర్చు చూసుకుంటే ఏడాదికి ఒక్క సాహిత్య సభకు మించి వెళ్లలేని కొత్త కథకులు చాలామంది. విజయవాడలో జరిగే ప్రపంచ తెలుగు రచయితల మహాసభల వంటి పెద్ద సభకు వెళ్లాలా, ఏ చిన్న ఊళ్లోనో జరిగే కథా సమావేశానికి వెళ్లాలా అని వాళ్లు అడుగుతుంటారు. చేతిలో ఇంకా అచ్చుకాని కథ ఉంటే చిన్న సమావేశమే మేలని నా గట్టి అభిప్రాయం.

మహాసభల్లో దొరికేది పరిచయం. 2024 డిసెంబరు 28, 29 తేదీల్లో విజయవాడలో ఆరో మహాసభలు జరిగాయి. అలాంటి చోట పత్రికల్లో పేరు మాత్రమే చూసిన రచయితలు ఎదురుపడతారు, పొరుగు రాష్ట్రాల్లో ఉండి తెలుగులో రాసేవారూ కలుస్తారు. అసలు మాటలు భోజనాల దగ్గర, పుస్తకాల బల్లల దగ్గర నడుస్తాయి. ప్రారంభ సభ మాత్రం అతిథుల ప్రసంగాలతో, శాలువాలతో మధ్యాహ్నం దాకా సాగవచ్చు. కవిసమ్మేళనం చూస్తే నాకు బాధ కలుగుతుంది. తన వంతు కోసం ఉదయం నుంచి కాచుకున్న కవి రెండు మూడు నిమిషాల్లో గబగబా చదవాలి. చదివేసినవాళ్లు లేచి వెళ్లిపోతుంటే చివరి కవికి వినేవాళ్లే మిగలరు. అంత దూరం వచ్చిన మనిషికి అది అన్యాయం.

చిన్న సమావేశాల్లోనూ అన్నీ ఒకటి కావు. వార్షికోత్సవమైతే అక్కడా ఉపన్యాసాలే ఎక్కువ. అయినా శ్రీకాకుళం కథానిలయానికి వెళ్లడం వేరు. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో మొదలుపెట్టిన ఆ తెలుగు కథల గ్రంథాలయం 1997 ఫిబ్రవరి 22న ప్రారంభమైంది. సభ కోసం వెళ్లేవారు వీలైతే ఒక రోజు ముందే చేరుకోవాలి. పాత పత్రికలు తిరగేస్తూ, మన జిల్లా జీవితాన్ని మనకంటే ముందు ఎవరు కథ చేశారో, ఎక్కడ ఎత్తుకుని ఎక్కడ ఆపారో చూడటం పది ఉపన్యాసాల పెట్టు. రైలు దిగాల్సింది ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో. అక్కడి నుంచి పట్టణానికి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలి.

అన్నిటికన్నా విలువైనది కథలు ముందే అందరికీ పంపి, చదివి వచ్చాక చర్చించే కార్యశాల. ‘ఈ పాత్ర ఇలా ఎందుకు మాట్లాడుతుంది?’ అని పదిమందిలో ఎవరో అడిగితే, జవాబు కోసం తడుముకోవడంలోనే కథ ఎక్కడ బలహీనమో తెలుస్తుంది. పొగడ్తల కోసం వెళ్లేవారికి అది కష్టమే. పైగా చిన్న బృందాలకు తమవాళ్లు, బయటివాళ్లు అన్న గీత ఉంటుంది. కొత్తవారికి కబురు అందదు, అందినా మొదటిరోజు పలకరించేవారు ఉండరు. ఆ గీతను చెరపాల్సింది నిర్వాహకులే.

పుస్తకం అచ్చయి పాఠకులను, పంపిణీదారులను వెతుక్కుంటున్నవారి సంగతి వేరు. వాళ్లు మహాసభలకే వెళ్లాలి. కొన్ని ప్రతులు చేతిలో ఉంచుకోవాలి, పత్ర సమర్పణకు పేరు ఇవ్వదలిస్తే గడువు ముందే కనుక్కోవాలి. ఒంటరిగా వచ్చే రచయిత్రులైతే పెద్ద సభకైనా చిన్న సభకైనా బస ఎక్కడో, రాత్రి సభ ముగిశాక అక్కడికి ఎలా చేరుస్తారో స్పష్టంగా అడిగి, జవాబు వచ్చాకే టికెట్టు కొనుక్కోవడం మంచిది.