గూగుల్ సెర్చ్: చీనీ ధరకు సరే, కస్టమర్ కేర్ నంబరుకు వద్దు

అనంతపురంలో కొత్తగా స్మార్ట్‌ఫోన్ పట్టినవాళ్లలో చాలామందికి ఇంటర్నెట్ అంటే గూగుల్ సెర్చే. నేర్చుకునేవాళ్లకు అది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ముంచుతుంది అన్నదే ఈ సమీక్ష.

వెతికిపెట్టడంలో వంక పెట్టేదేమీ లేదు గానీ అడిగే తీరు తెలియాలి. చీనీ అంటే బత్తాయి. "చీనీ ధర" అని ఊరికే కొడితే ఎప్పటివో వార్తలు, వీడియోలు వచ్చి పడతాయి. "అనంతపురం మార్కెట్ యార్డు చీనీ టన్ను ధర" అని కొట్టి, టూల్స్‌లో గడిచిన వారం ఎంచుకోండి. ఫోన్‌లో అయితే ఆల్, ఇమేజెస్ అని ఉండే వరుసను చివరిదాకా జరిపితే ఆ టూల్స్ కనిపిస్తాయి. డిగ్రీ రిజల్ట్స్‌కు ఇంకో కిటుకు ఉంది. వెతికే మాట పక్కన ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఏసీ డాట్ ఇన్ చేర్చితే విద్యాసంస్థల సైట్లే వస్తాయి. సర్కారు పథకాలకు గవ్ డాట్ ఇన్. కోలన్ తర్వాత ఖాళీ వదిలారా, ఆ షరతు పనిచేయదు.

ఇక అసలు గొడవ ఫోన్ నంబర్లది. బ్యాంకు, గ్యాస్, కొరియర్, ఏదైనా సరే, కస్టమర్ కేర్ నంబరు ఇక్కడ వెతక్కండి. పైన వచ్చే "స్పాన్సర్డ్" ఫలితాలు డబ్బు కట్టి పెట్టించుకున్నవి. పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ప్రకటన ఇచ్చింది ఎవరో, ఏ దేశమో చూపిస్తుంది. కర్నూలు బ్రాంచి పేరుతో ఉన్న ప్రకటన వెనక ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి పేరుంటే మూసేయడమే. మ్యాప్స్‌లో కనిపించే నంబరునూ నమ్మలేం, దాన్ని మార్చమని ఎవరైనా సూచన పంపొచ్చు. దొంగ నంబరుకు ఫోన్ చేస్తే వరస ఒకటే: "రీఫండ్ ఇస్తాం" అంటారు, మన ఫోన్ తెర వాళ్లకు కనిపించేలా చేసే స్క్రీన్ షేరింగ్ యాప్ వేయిస్తారు, యూపీఐ పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. సరైన నంబరు డెబిట్ కార్డు వెనకో, ఆ కంపెనీ సొంత యాప్‌లోనో ఉంటుంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. సొమ్ము ఖాతాలు దాటేలోపే ఆపించగలిగేది, ఆలస్యమైతే చిక్కే. వెతుకులాటకు గూగుల్‌కు అయిదుకు నాలుగిస్తాను, నంబర్ల విషయంలో ఒకటివ్వడం కూడా దండగ.

"అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే మంచి సైటు" అని ఇంకా నేర్పుతున్నారు, అది చెల్లని పాఠం. తాళం అంటే మనం పంపేది మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే, అవతలివాడు దొంగ కాదని కాదు. 2023లో క్రోమ్ బ్రౌజర్ ఆ గుర్తునే తీసేసింది. చూడాల్సింది అడ్రసు. మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్, దాని రెండు స్లాష్‌లు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్ (/) దాకా వెళ్లి అక్కడి నుంచి వెనక్కి చదవండి. తిరుమల టికెట్ల అసలు సైటు చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటుంది. అవే మాటల మధ్య చుక్కలకు బదులు అడ్డగీతలు పెట్టి, చివర డాట్ కామ్ తగిలిస్తే అది ఎవరైనా కొనుక్కోగల పేరు. బ్యాంకులను బ్యాంక్ డాట్ ఇన్‌కు మారమని 2025లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది కాబట్టి ఇప్పుడు వాటిని పోల్చుకోవడం కాస్త తేలిక.

చిన్నదే గానీ ఎక్కువమందిని విసిగించేది ఇంకొకటి: "రోబో కాదని చూపడానికి అలౌ నొక్కండి" అనే పేజీలు. నొక్కితే ఫోన్ నిండా "వైరస్ పట్టింది" అన్న కబుర్లే. నిజానికి వైరస్ ఏమీ లేదు, ఆ సైటుకు నోటిఫికేషన్ పంపే హక్కు మనమే ఇచ్చాం. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు పోయి ఆ పేరు తీసేస్తే ఆగిపోతుంది. దానికోసం ఫోన్ ఫార్మాట్ చేయాలని డబ్బులడిగే షాపులకు పోనక్కర్లేదు.