ఎన్జీ కాలేజీ దగ్గర విద్యార్థుల కోసం కొన్న ఇల్లు: మధ్యవర్తి సేవపై నా అభిప్రాయం

నల్గొండ రామగిరిలో, నాగార్జున ప్రభుత్వ కళాశాలకు (ఎన్జీ కాలేజీకి) నడిచి వెళ్లేంత దూరంలో, విద్యార్థులకు కిరాయికి ఇచ్చే ఉద్దేశంతో రెండేళ్ల కిందట ఒక ఇల్లు కొన్నాను. ఇల్లు చూపించడం, కాగితాలు సరిచూడడం, మొదటి ఏడాది కిరాయిదారులను కుదర్చడం అన్నీ పట్టణంలోని ఒక మధ్యవర్తి కార్యాలయానికే అప్పగించాను.

కాగితాల విషయంలో వారి పనికి వంక పెట్టలేను. ఈసీ (ఇంటిపై అప్పులు, పాత లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇదివరకు చేతులు మారిన దస్తావేజులు) ఒక్కొక్కటీ చదివి వినిపించి, అమ్మేవారి తమ్ముడి సంతకం కూడా ఉండాలని పట్టుబట్టి, ఆయన ఒప్పుకునేదాకా నన్ను బయానా (అడ్వాన్సు) ఇవ్వనీయలేదు. ఆ జాగ్రత్తకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఆదాయం లెక్క మాత్రం తప్పింది. నాలుగు పోర్షన్లు, ఒక్కొక్కటి నెలకు 6,000, ఏడాదికి 2,88,000 రూపాయలు, అంటే 48 లక్షల ఇంటిపై 6 శాతం అని చూపించారు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం, వారి కమీషన్ కలిపితే నాకు ఇల్లు పడింది దాదాపు 52 లక్షలకు. పైగా పరీక్షలు కాగానే దేవరకొండ, చండూరు, మర్రిగూడ పిల్లలు గదులు ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లిపోయారు; కొత్తవారు డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్‌లో సీట్లు ఖరారయ్యాకే వచ్చారు. రెండు నెలల కిరాయి పోగా చేతికి వచ్చింది 2,40,000, అంటే 4.6 శాతం. డిగ్రీ విద్యార్థుల ఇంటికి పది నెలల లెక్కే వేయాలి.

అంతకంటే నన్ను బాధించింది నీళ్ల సంగతి. ఈ జిల్లాలో బోరు నీటి ఫ్లోరైడ్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు కనుక తాగడానికి మున్సిపల్ నల్లా ఉందా అని ముందే అడిగాను, ఉంది. కానీ పన్నెండు మందికి రెండే బాత్రూములు, ఒక చిన్న సంపు. తొమ్మిదిలోపు అందరూ తయారుకావాలి. స్నానం చేయకుండానే తరగతికి వెళ్తున్నామని ఒక విద్యార్థి మెల్లగా చెప్పినప్పుడు నాకు చాలా కష్టమనిపించింది. పోర్షనుకు ముగ్గురిని కుదిర్చింది ఆ కార్యాలయమే కాబట్టి ఈ మాట వారే ముందు చెప్పి ఉండాల్సింది. తర్వాత మరో రెండు బాత్రూములు, పెద్ద సంపు కట్టించడానికి నాకు 2,20,000 అయింది.

కాగితాల పరిశీలనకు ఆ కార్యాలయానికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. కిరాయిదారులను మాత్రం ఈ ఏడాది నేనే చూసుకున్నాను. సామాను గదిలోనే ఉంచుకుంటే సెలవు రెండు నెలలకు సగం కిరాయి చాలని చెప్పాను. నాలుగు పోర్షన్లలో మూడింటివారు ఒప్పుకున్నారు.