సొరల్ని తరిమే పరికరం: ఆరేళ్లు కాలికి కట్టుకుని ఈదాక

పెర్త్ వచ్చిన కొత్తలో, సముద్రంలో ఈతకి వెళ్తున్నానని, ఇక్కడ సొరలుంటాయని అమ్మకి ఫోన్లో చెప్పాను. "బాలింతలకి పిట్టు చేసిపెట్టే చేప కదరా, దానికి భయమేంటి?" అంది. కాకినాడలో అమ్మకి తెలిసిన సొర మార్కెట్లో బుట్టలో పడుకుని ఉంటుంది. ఇక్కడి తెల్ల సొర నాలుగైదు మీటర్లుంటుంది, మనుషులు దాని నోట పడి పోయిన సంఘటనలూ ఉన్నాయి. 2017లో పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం, సొరల్ని తరిమే పరికరాల్లో తాను ఆమోదించినవాటిని కొనేవాళ్లకి 200 డాలర్ల రాయితీ మొదలుపెట్టింది. ఆ మాట చెవిన పడ్డాక నేనూ కొన్నాను. ఒకటి కాదు, రెండు. పేర్లు రాయను, ఎందుకంటే నా ఫిర్యాదులన్నీ నా చేతికొచ్చిన పీసు మీదే.

మొదటిది చేతికి వాచీలా పెట్టుకునే అయస్కాంతం పట్టీ. దానికి రాయితీ లేదు, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. అయస్కాంతం నుంచి కాస్త దూరం జరిగామంటే, ఆ దూరం రెట్టింపైన ప్రతిసారీ దాని బలం దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మణికట్టు దగ్గర మొదలైన బలం మోకాలి దాకా వచ్చేసరికి ఇక మిగిలేదేముంది? ఒక్క సీజన్ పెట్టుకుని తీసేశాను. తాయెత్తు కట్టుకోవాలంటే మా ఊళ్లో ఇంతకన్నా చవగ్గా కడతారు. ఇప్పుడది ఫ్రిజ్ తలుపుకి కరెంటు బిల్లుని పట్టుకుని ఉంది.

రెండోది బ్యాటరీది. దీని వెనక శాస్త్రం గట్టిదే. సొర ముక్కు చుట్టూ సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలో జిగురులాంటి పదార్థం ఉంటుంది. 1678లో ఇటలీకి చెందిన లోరెంజినీ అనే ఆయన వాటిని వర్ణించాడు, అందుకే ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చేప కండరం కదిలినా పుట్టే అతి స్వల్ప విద్యుత్తుని సొర వాటితో పసిగడుతుంది. అంత సున్నితమైన చోట గట్టి కరెంటు తగిలితే చిరాకెత్తి తిరిగిపోతుందని లెక్క. కానీ ఉప్పునీటిలో ఆ ప్రభావం కొద్ది దూరానికే చల్లారిపోతుంది. చుట్టూ కోటగోడ కట్టినట్టు ఊహించుకోకండి. ఒంటి చుట్టూ మీటరో రెండు మీటర్లో, అంతే.

వాడకం సంగతి. కాలికి కట్టుకుంటే మొదటి పది నిమిషాలు ఒక కాలు బరువుగా ఈడ్చుకొస్తున్నట్టు ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. వెనక తోకలా వేలాడే తీగ పిక్కకి తగిలితే మాత్రం రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది. పెర్త్ తీరానికి ఎదురుగా ఉన్న రాట్నెస్ట్ దీవి దగ్గర రాళ్ల సందులో వెనక్కి తిరగబోయి వరసగా మూడుసార్లు కొట్టించుకున్నాను. నీళ్లలో అరిస్తే ఊపిరి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లొస్తాయని కూడా ఆ రోజే తెలిసింది.

అన్నిటికన్నా గుర్తుండిపోయిన రోజు వేరే. అదే దీవి దగ్గర దాదాపు రెండు గంటలు స్నోర్కెలింగ్ చేశాను. నీళ్లు మసకగా ఉన్నాయి, మామూలుగా అయితే టెన్షన్ పడేవాణ్ణి. కాలికి పరికరం ఉందిగా అని ధీమాగా, అందరికన్నా ముందుకెళ్లాను. పడవెక్కి కాలు చూసుకుంటే లైటు వెలగట్లేదు. అసలు స్విచ్చే నొక్కలేదు. ఆ రెండు గంటలూ పనిచేసింది నా ధీమా ఒక్కటే. పైగా పరికరం లేకపోతే అంత దూరం వెళ్లేవాణ్ణే కాదు.

ఈ ఆరేళ్లలో నన్ను ఏ సొరా కరవలేదు. అంటే పనిచేసిందనేనా? నాతోపాటు ఈదే తెనాలి మిత్రుడు ఒంటికి ఏమీ కట్టుకోడు, అతన్నీ కరవలేదు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మకీ నాకూ తేడా లేదు. ఒక్కసారి మాత్రం వాబెగాంగ్ కనపడింది, తివాచీలా అడుగున పరుచుకుని పడుకునే రకం సొర. పరికరం ఆన్‌లోనే ఉంది. మీటరున్నర పైనుంచి ఈదుకుంటూ పోయాను, అది కదల్లేదు. పరికరం తగల్లేదో, దాని స్వభావమే అంతో! వాడినవాళ్ల మాటలు, ఇదిగో నా మాటతో సహా, ఇక్కడితో ఆగిపోతాయి.

అందుకే నేను నమ్మేది దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవుల దగ్గర చేసిన పరీక్షని. ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్ల నాయకత్వంలో జరిగింది, 2018లో అచ్చయింది. సర్ఫ్ బోర్డు కింద ట్యూనా చేప ఎర కట్టి, 44 తెల్ల సొరల మీద 297 సార్లు చూశారు. ఐదు రకాల పరికరాలు పరీక్షిస్తే, ఎర పోకుండా చెప్పుకోదగ్గ తేడా చూపించింది ఒక్కటే. ఏమీ లేనప్పుడు నూటికి 96 సార్లు ఎర పోతే, అది ఉన్నప్పుడు 40 సార్లు పోయింది. అయస్కాంతం పట్టీ, ఘాటు వాసనతో బోర్డుకి రాసే మైనం తేలిపోయాయి. బ్యాటరీతో నడిచే మరొకటి కూడా తేలిపోయింది, కాబట్టి కరెంటుదైతే చాలనుకోడానికి లేదు. నలభై అంటే చిన్న అంకె కాదు, పైగా అది పరీక్షల్లో గెలిచినదాని అంకె. సొరని ఎరవేసి పిలిచారు కాబట్టి అది మరీ కఠిన పరీక్షే, ఒప్పుకుంటాను. కానీ ఆకలి మీదున్న సొర గురించేగా మన భయమంతా.

కొనాలా అంటే, పట్టీలూ మైనాలూ వద్దు. కరెంటుదైతే ఎవరు పరీక్షించారో, ఏ సొర మీదో చూసి, రాయితీ ఉంటేనే కొనండి. ఒడ్డు దగ్గర ఈతకి అది దండగ. పెర్త్ దగ్గరి కూజీ బీచ్‌లో సొరలు రాకుండా వల కట్టిన చోటుంది, నేను మామూలు రోజుల్లో అక్కడే ఈదుతాను. దీవి దగ్గరికి వెళ్లే శనివారాలే కట్టుకుంటాను, అదీ హెచ్చరికల యాప్‌లో సొర కనపడ్డట్టు లేనప్పుడే.

ఈమధ్య బ్యాటరీ మొదట్లో వచ్చినదాంట్లో సగం సేపే వస్తోంది. మార్చడానికి అడిగిన ధర వింటే సొర కరిచినంత పనైంది. మార్చాలో మానాలో ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా నీళ్లలోకి దిగేముందు కాలు పైకెత్తి, లైటు వెలుగుతోందో లేదో తెనాలి మిత్రుడికి కూడా చూపిస్తున్నాను. "వెలుగుతోంది గురూ, దిగు" అంటాడు, తను ఉత్త కాళ్లతో దూకేస్తూ.