పదకొండు నెలలు సుశీలమ్మ ఒక్కతే పాడింది

నల్లగొండలో రామగిరి దిక్కు నాదొక చిన్న జెంట్స్ టైలర్ దుకాణం. రెండు మిషన్లు, కాజాలకు ఒక పిలగాడు, గోడకున్న చెక్క మీద ఒక పాటల పెట్టె. ఇప్పుడు రాస్తున్నది ఆ పెట్టె గురించే. 2019 దసరాకు మా బిడ్డ హైదరాబాదు నుంచి తెచ్చింది. లోపల ఎన్ని వేల పాటలు, ఒకసారి ఛార్జింగు పెడితే ఎన్ని గంటలు అన్నది డబ్బా మీదనే రాసి ఉంటుంది, మళ్లీ నేను చెప్పే పని లేదు. కంపెనీ పేరు మాత్రం రాయను.

ఈ పెట్టెలో నన్ను పట్టుకున్నది ముందర ఉన్న గుండ్రటి నాబ్ ఒక్కటే. దాని చుట్టూ పాడినోళ్ల పేర్లు. ఘంటసాల, సుశీల, జానకి, బాలు, ఇంకొందరు. పేరు దగ్గరికి తిప్పితే ఆ మనిషి అందుకుంటాడు. ఏ పాట అన్నది మన చేతుల్లో లేదు. నచ్చకపోతే బొత్తాం నొక్కి తర్వాతి పాటకు పోవచ్చు, అంతే. వెతకడానికి తెర లేదు.

మొదటి వారం చిరాకు పడ్డాను. "ఫోన్ల అడిగితే అడిగిన పాట వస్తది కదా బిడ్డా, దీనికి ఆరు వేలెందుకు పెట్టినవ్" అన్నాను. "ఫోన్ల నువ్వెప్పుడు వినేది గవ్వే ఇరవై పాటలు నాయినా" అన్నది. లెక్కేసుకుంటే నిజమే. ఇరవై కూడా లేవు.

అడగకుండా వచ్చే పాట సంగతి వేరు. ఒక రోజు ప్యాంటు నడుం పట్టీ ఎక్కిస్తుంటే జానకి పాట వచ్చింది, చిన్నపిల్లాడి గొంతుతో పాడేది. నేను ఆ పాట విని ముప్పై ఏండ్లు దాటింది, దాన్ని వెతకాలని ఒక్కసారి కూడా తోచలేదు. అది మొదలవుతూనే నేను దేవరకొండలో మా ఉస్తాద్ దుకాణంలో పీట మీద ఉన్నాను. పద్నాలుగేండ్లు నాకు, బటన్లు కుడుతున్నాను. ఉస్తాద్ టేప్‌రికార్డర్ దిక్కు వేలు పెట్టి "యే బచ్చా కౌన్ హై?" అని అడిగాడు. పిల్లగాడు కాదు ఉస్తాద్, పెద్దామె, జానకి అంటే నమ్మలేదు. చాయ్ పందెం. క్యాసెట్ అట్ట మీద పేరు చదివి వినిపిస్తే, అట్ట మీద అబద్ధం రాశారన్నాడు. ఆ చాయ్ నాకు ఇప్పటికీ బాకీనే. 2013లో పద్మభూషణ్ ఇస్తే ఆలస్యమైందని జానకి వద్దన్నది కదా, ఆ వార్త చదివినప్పుడు కూడా నాకు ఉస్తాదే యాదికొచ్చాడు. దసరాకు ఇవ్వాల్సిన కుట్టుకూలి సంక్రాంతికి తెస్తే ఆయన ముట్టేవాడు కాదు. "ఉంచుకో, నీకే అవసరం ఉన్నట్టుంది" అని కత్తెర అందుకునేవాడు.

ఉస్తాద్ దేవుడు వేరే, మహమ్మద్ రఫీ. జూలై 31 వచ్చిందంటే, అంటే 1980లో రఫీ పోయిన తారీఖు, మధ్యాహ్నం దాకా దుకాణంలో రఫీ తప్ప ఇంకో గొంతు వినపడేది కాదు. ఎన్టీఆర్‌కు రఫీ తెలుగులో పాడిన పాటలు వస్తే మాత్రం "మా రఫీ సాబ్ తెలుగు నాకంటె నయం" అని నవ్వేవాడు. నా పెట్టెలో నాబ్ మీద రఫీ పేరు లేదు. తెలుగు పెట్టె కాబట్టి లేదనుకున్నా, ఆ నాలుగు తెలుగు పాటలన్నా ఎక్కడో ఒక మూల పెట్టి ఉంటే బాగుండేది.

లేని పేర్లు ఇంకా ఉన్నాయి. కల్వకుర్తి నుంచి వచ్చే గిరాకీ ఒకాయన ప్రతిసారీ నాబ్ దగ్గరికి వంగి చదివి "మన పాలమూరోని పేరు ఏ గీత దగ్గరున్నది మాస్టర్?" అంటాడు. గౌరారం గోరటి వెంకన్న లేడు. పన్నెండు మెట్ల కిన్నెరతో పండుగ సాయన్న కథ చెప్పే దర్శనం మొగులయ్య లేడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, నా నాబ్ మీదికి మాత్రం రాలేదు. సెల్‌ఫోన్ షాపులో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకొని పెట్టె వెనక సందులో పెట్టాను. పెన్‌డ్రైవ్ పాడాలన్నా నాబ్‌నే దాని గుర్తు దగ్గరికి తిప్పాలి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

ఏ పాట వస్తుందో తెలియకపోవడంలో ఉన్న సుఖం చెప్పాను. నష్టం కూడా చెప్పాలి. ఘంటసాల పేరు కింద సినిమా పాటలతో పాటు భగవద్గీత కూడా కలిపేశారు. 1974లో పోయేముందు ఆయన రికార్డు చేసిన గీత అది. మన దగ్గర ఏ వాడలోనన్నా మైకులో ఆ గొంతు వినపడితే ఎవరు పోయారని అడుగుతారు. ఒక మాఘమాసంలో పెండ్లిళ్ల గిరాకీ మీదున్నాను. చండూరు నుంచి ఒక పెద్దమనిషి కొడుకును తోలుకొచ్చాడు, పెండ్లి సూటు. పిల్లాడి ఛాతీకి టేపు చుట్టి "ముప్పై ఎనిమిది" అంటున్నా, అప్పటిదాకా హుషారుగా పాడుతున్న ఘంటసాల ఆ పాట అయిపోగానే శ్లోకం ఎత్తుకున్నాడు. పెద్దమనిషి ముఖం మాడిపోయింది. "ఏంది మాస్టరూ, శుభమా అని వస్తే!" బొత్తాం నొక్కుదామని నేను చెయ్యి చాపేలోపు కొడుకు రెక్క పట్టుకొని మెట్లు దిగాడు. ఆ పిల్లాడి మెడలో నా టేపు వేలాడుతూనే ఉంది, కాజా పిలగాడు రోడ్డు దాకా ఉరికి తెచ్చాడు. అప్పటి నుంచి పెండ్లి బట్టలని ఎవరన్నా అంటే ముందు నాబ్ జానకి మీదికి తిప్పుతాను, తర్వాతే టేపు తీస్తాను.

బాలు పోయిన రోజు, 2020 సెప్టెంబర్ 25, ఇంకొక రకం. అప్పుడు గిరాకీ అంటే మాస్కులే. మధ్యాహ్నం ఫోన్లో చూసి నాబ్ బాలు దగ్గరికి తిప్పాను. ఏదన్నా బరువైన పాట వస్తుందనుకుంటే, నడుమ నడుమ ఆయన పకపకా నవ్వే పాట వచ్చింది. "మార్చాల్నా మాస్టర్?" అన్నాడు పిలగాడు. వద్దన్నాను. ఆ పాట అయ్యేదాకా ఇద్దరం మిషన్ తొక్కలేదు.

ఇవన్నీ చెప్పి అప్పట్లో ముగ్గురితో కొనిపించాను. అసలు సంగతి ఆ తర్వాత జరిగింది.

2022 సంక్రాంతి పోయి వారమైందేమో. పొద్దున శటర్ తీసి నాబ్ తిప్పితే తిరిగింది గానీ పాట మారలేదు. ఘంటసాల మీద పెట్టినా సుశీలే. బాలు మీద పెట్టినా సుశీలే. పెన్‌డ్రైవ్ గుర్తు మీద పెట్టినా సుశీలే. వెంకన్న, మొగులయ్య అందరూ లోపలనే ఉండిపోయారు. మా బిడ్డ సర్వీసు సెంటర్‌కు తీసుకుపోతే, ఆ నాబ్ పార్టు రావడం లేదు, పాతది ఇచ్చి కొత్తది తీసుకోండి, కొంత తగ్గిస్తాం అన్నారట. పాట పాడుతున్న పెట్టెను ఎట్లా ఇచ్చేస్తాం? మళ్లీ చెక్క మీదికే వచ్చింది.

మొదటి నెల నసగానే ఉండింది. వచ్చిన ప్రతి ఒక్కడూ "ఏం మాస్టర్, దుకాణం సుశీలమ్మకు గుత్తకిచ్చినవా?" అనేవాడు. కాజా పిలగాడు కటింగ్ టేబుల్ అంచుకు మార్కింగ్ చాక్‌తో గీతలు పెట్టి లెక్కేశాడు. రెండు వందల పద్దెనిమిది పాటలు అయ్యాక మొదటిది మళ్లీ వచ్చింది. 2016లో గిన్నిస్ వాళ్లు ఆమెవి 17,695 పాటలని లెక్క తేల్చారని చదివితే వాడు నోరు తెరిచాడు. "అవన్నీ ఈ పెట్టెల ఉంటే మన పరిస్థితేంది మాస్టర్!"

ఆ రెండు వందల పద్దెనిమిదినే తిప్పి తిప్పి వింటుంటే, నేను అంతకుముందు సుశీలను సరిగ్గా వినలేదని తెలిసింది. ఘంటసాల వస్తే చెయ్యి ఆగుతుంది, బాలు వస్తే మనమూ అందుకుంటాం. సుశీల పాడుతుంటే పని సాగిపోతుంది, అందుకే ఆమె పాడుతున్నట్టే తెలియదు. మంచి కోటు లోపలి హెమ్మింగ్ అట్లా ఉంటుంది. బయటి నుంచి చూస్తే దారం కనపడదు, చేత్తో తడిమితే కూడా గరుకు తగలదు. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నదో పట్టుకుందామని పందెం పెట్టుకొని నేను, పిలగాడు చెవులు రిక్కించేవాళ్లం. రెండు మూడు చోట్ల తప్ప దొరకలేదు. ఇంటర్ తెలుగులో తప్పిన పిలగాడు, పాట విని ఒత్తులతో సహా చాక్‌తో గుడ్డ ముక్క మీద రాసి చూపించాడు. ఆ ముక్క ఎవరి జేబు లోపలి బట్టగానో పోయింది.

ఇంకోటి. జంట పాటలు కూడా సుశీల పేరు కిందనే ఉన్నాయి. అందుకని ఘంటసాల, బాలు పూర్తిగా పోలేదు, ఆమె చెయ్యి పట్టుకొని వచ్చి పోయేవాళ్లు. ఒక పాటలో ఘంటసాల, తర్వాతి పాటలో రామకృష్ణ, ఆ తర్వాత బాలు, మళ్లీ ఘంటసాల. పక్కన మగ గొంతులు మారుతున్నాయి, ఆమె అక్కడే ఉంది. బాలు 1966 డిసెంబర్ 15న పాడిన మొట్టమొదటి సినిమా పాటలో కూడా సుశీల ఉంది. ఇరవై ఏండ్ల కుర్రాడు, అప్పటికే ఆమె పద్నాలుగేండ్లుగా పాడుతున్నది. చెయ్యి తిరిగిన మాస్టర్ పక్కన కొత్త కుర్రాడిని మిషన్ మీద కూర్చోబెట్టినట్టు. నాబ్ బాగున్నన్ని రోజులు ఎవరి పాటలు వాళ్లవిగా విన్నాను కాబట్టి ఇది నాకు తోచలేదు.

ఎండాకాలంలో మా అమ్మ కండ్ల ఆపరేషన్‌కు ఊరి నుంచి వచ్చింది. పట్టీ కట్టుకొని ఇంట్లో ఒక్కతే ఉండలేక రోజూ దుకాణంలో కుర్చీలో కూర్చునేది. రెండో రోజు ఒక పాట వస్తుంటే మెల్లగా అన్నది, "ఈమె మా పెండ్లిల పాడింది."

నేను నవ్వాను. "మీ పెండ్లికి సుశీలమ్మ ఎందుకొస్తదే అమ్మా."

"వచ్చింది బిడ్డా. యాప చెట్టు మీద పాడింది."

అడిగితే ఒక్కొక్కటి చెప్పింది. వాళ్ల ఊళ్లో అప్పటికి కరెంటు లేదు. దేవరకొండ నుంచి ఎడ్లబండి మీద మైక్‌సెట్, బ్యాటరీలు తెచ్చారు. మైకు గొట్టం వేప చెట్టు కొమ్మకు కట్టారు. బాసింగం కట్టుకొని తల వంచుకున్న అమ్మకు పాడేది ఎవరో, ఎక్కడినుంచో తెలియదు. మా నాయిన తరఫు వాళ్లు ఎవరో పట్నం పాటగత్తెను తెచ్చారని, ఆమె చెట్టెక్కి పాడుతున్నదని అనుకున్నదట. మా నాయిన పోయి పన్నెండేండ్లు. ఆ పెండ్లి గురించి అమ్మ నోట ఒక్క ముక్క అంతకుముందు నేను వినలేదు. నాబ్ బాగుండి ఉంటే ఆ వేళకు నేను ఘంటసాల మీద పెట్టి ఉండేవాణ్ని.

అయినా పదకొండు నెలలంటే పదకొండు నెలలు. మళ్లీ జూలై 31 వచ్చిపోయింది, రఫీ లేడు. కార్తీకం దాటాక ఒక గిరాకీ చెబితే, ప్రకాశం బజార్ దిక్కు పాత రేడియోలు బాగు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. నాలుగు మరలు విప్పి, లోపలికి లైటు కొట్టి చూసి, నా దిక్కు చూశాడు. "ఇది పాటల పెట్టెనా, పరుపా?"

చిమటతో పట్టి లాగితే దీపం ఒత్తి లాగ పొడుగ్గా వచ్చింది. దుకాణంలో లేచే దారప్పొగ, దానికి మిషన్ నూనె తడి. ఖాకీ ఒక పొర, బడి యూనిఫారాల తెలుపు ఒక పొర, నడుమ ఎవరిదో పెండ్లి సూటు నేవీ బ్లూ. ఏ సీజన్‌ది ఏ పొరనో నేను చెప్పగలను. స్ప్రే కొట్టి, బ్రష్‌తో తుడిచి, అటూ ఇటూ ఇరవై సార్లు తిప్పాడు. నూట యాభై తీసుకున్నాడు. సర్వీసు సెంటర్‌లో మూత విప్పి చూశారో లేదో నాకు అనుమానమే. నా తప్పు కూడా ఉంది, ఆరడుగుల దూరంలో బట్ట అంచులు కోసి కుట్టే ఓవర్‌లాక్ మిషన్ పెట్టుకొని పెట్టె మీద ఒక గుడ్డ కూడా కప్పలేదు.

కాబట్టి నాబ్ గురించి పైన రాసిన పొగడ్త ఇంట్లో పెట్టుకునేవాళ్లకే. టైలర్లు, పిండి గిర్నీ వాళ్లు, దూది ఏకేవాళ్లు కొనాలంటే ఆలోచించుకోండి. ఏ పాట కావాలో ముందే తెలిసినవాళ్లకు ఫోను చాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, వాళ్లకు తెర మీద వేలు ఆడకపోతే కొనొచ్చు, నేనైతే మా అమ్మకు కొన్నట్టే అనుకుంటున్నాను. బ్యాటరీ ఇప్పుడు రెండు గంటలు కూడా ఆగదు, ఎప్పుడూ వైరు పెట్టే ఉంచుతాను. నాకు అది లోపం అనిపించదు, దుకాణం దాటి పోయే పని లేదు కాబట్టి.

ఒక్కటి మిగిలింది. బాగు చేయించుకొచ్చి నాబ్ తిప్పితే ఘంటసాల పాడాడు, జానకి పాడింది, బాలు పాడాడు, వెంకన్న పాడాడు. సుశీల దగ్గర పెడితే గురగుర. పదకొండు నెలలు నాబ్ లోపల సుశీల పేరుకున్న ఆ ఒక్క రేకు మీదనే నడిచింది కదా, అది అరిగిపోయిందన్నాడు పెద్దాయన. నాబ్‌ను కిందికి అదిమి పట్టుకుంటే పాడుతుంది, వదిలితే ఆగిపోతుంది. కాలర్‌లో వేసే బక్రం ముక్కను నాలుగు మడతలు పెట్టి నాబ్ మీది అంచుకు దోపాను, నిలిచింది. వేరే వాళ్లను వినాలంటే తీసేయాలి, పిలగాడు దాన్ని బాబిన్ల డబ్బాలో దాస్తాడు. అమ్మ ఊరి నుంచి వచ్చిన రోజు అడగకుండానే తీసి దోపుతాడు. ఆరు నెలలకోసారి మెత్తబడి జారిపోతుంది. ఇప్పుడున్నది ఐదో ముక్క.