హాక్ మౌంటెన్, పెన్సిల్వేనియా: కొండెక్కితే కనీసం మూడు గంటలు కూర్చోండి

హాక్ మౌంటెన్ వెళ్ళొచ్చిన వాళ్ళని అడిగితే "వ్యూ బాగుంది కానీ పక్షులేం కనపడలేదు, అరగంట ఉండి దిగిపోయాం" అనేవాళ్ళు చాలామందే తగుల్తారు. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే మంచి సీజన్‌లో ఆ అరగంటలో కూడా వాళ్ళ నెత్తి మీద నుంచి కొన్నయినా పోయే ఉంటాయి, పక్క రాయి మీద కూర్చుని వలస పక్షుల్ని లెక్కపెట్టే మనిషి, అంటే కౌంటర్, వాటిని లెక్కలో రాసుకునే ఉంటారు, వీళ్ళకి ఎక్కడ చూడాలో చెప్పినవాళ్ళు లేరంతే. అందుకే ఈ రివ్యూ కొంచెం పెద్దగా రాస్తున్నా. నా రేటింగ్ అయితే 5కి 5, అందులో మొహమాటం ఏం లేదు.

ముందు ఇదేంటో చెప్తా. ఫిలడెల్ఫియా నుంచి కార్లో గంటన్నర పైన పడుతుంది, కెంప్టన్ అనే చిన్న ఊరి దగ్గర, అపలాచియన్ కొండల్లో కిటాటిన్నీ రిడ్జ్ (పొడుగాటి కొండ వరస) మీద ఉంటుంది. గవర్నమెంట్ పార్క్ కాదు, ఒక నాన్-ప్రాఫిట్ సంస్థ నడిపే శాంక్చువరీ, అందుకే ట్రైల్‌కి టికెట్ ఉంటుంది, మెంబర్‌షిప్ తీసుకుంటే ఏడాదంతా ఫ్రీ. ప్రతి ఏడాది ఆగస్టు 15 నుంచి డిసెంబర్ 15 దాకా, ఉత్తరం నుంచి దక్షిణానికి వలస పోయే డేగలు, గద్దలు, ఫాల్కన్లు, ఈగిల్స్, రాబందులు, ఏదొచ్చినా సరే ఒక్కోటీ లెక్కపెడతారు. సగటున సీజన్‌కి 18 వేల దాకా వస్తాయి. ఈ లెక్క 1934లో మొదలైంది, రెండో ప్రపంచ యుద్ధం టైంలో 1943 నుంచి 45 దాకా మాత్రం ఆగింది, మిగతా అన్ని ఏళ్ళూ నడుస్తూనే ఉంది. ప్రపంచంలో వేటాడే పక్షుల కోసమే పెట్టిన మొదటి శాంక్చువరీ ఇదే.

లుకౌట్లు, అంటే కూర్చుని పక్షుల్ని చూసే చోట్లు, రెండు. సౌత్ లుకౌట్ ఎంట్రన్స్‌కి దగ్గరే, కొన్ని వందల గజాలు, వీల్‌చైర్ వెళ్ళేలా దారి చేశారు, పెద్దవాళ్ళని తీసుకెళ్తే అక్కడ కూర్చోబెట్టండి, అక్కడ నుంచి కింద లోయలో రివర్ ఆఫ్ రాక్స్ కూడా కనపడుతుంది, అది నది కాదు, మంచు యుగం నాటి బండరాళ్ళు బారుగా పరిచి ఉంటాయి. అసలు లెక్క జరిగేది మాత్రం నార్త్ లుకౌట్ మీద, సముద్ర మట్టానికి 1,521 అడుగుల ఎత్తు. మైలు దాకా నడక, మొదట్లో హాయిగానే ఉంటుంది కానీ చివర్లో అంతా రాళ్ళే, మెట్లూ ఉంటాయి, చెప్పులతో రావొద్దు, పట్టు ఉన్న షూస్ వేసుకోండి.

పైకెళ్ళాక కుర్చీలు బెంచీలు ఏమీ ఉండవు, అందరూ ఆ శాండ్‌స్టోన్ బండల మీదే కూర్చుంటారు. కుషన్ తెచ్చుకోండి, ఇది నేను ఊరికే చెప్పట్లేదు, కుషన్ లేనివాళ్ళే అరగంటలో దిగిపోయేది. ఎదురుగా ఈశాన్యం వైపు రిడ్జ్ అలా సాగిపోతూ ఉంటుంది, దాని మీద చిన్న చిన్న ఎత్తులకి 1 నుంచి 5 దాకా నంబర్లు పెట్టుకున్నారు, ఇంకో రెండు కొండలకి పేర్లున్నాయి, ఒకటి డోనాట్, ఒకటి పినకిల్. ఈ నంబర్లు నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు కేటాయించండి చాలు, మీ రోజంతా మారిపోతుంది. కౌంటర్ని అడిగితే చేయి చాపి చూపిస్తారు, విసుక్కోరు, అక్కడ కూర్చునే వాలంటీర్లకి, వేరే దేశాల నుంచి వచ్చిన ట్రైనీలకి కొత్తవాళ్ళకి చెప్పడమంటే ఇష్టం.

ఎందుకంటే పక్షి అనేది అక్కడ ముందు మాటగానే వస్తుంది. "ఫోర్ మీద ఒకటి, చెట్ల పైన కొంచెం ఎత్తులో, కుడికి వస్తోంది" అంటారు. మీరు చూస్తే ఏమీ ఉండదు. బైనాక్యులర్స్ పెట్టి ఫోర్ మీద ఆపితే ఒక నలక. అది కదుల్తోందా లేక లెన్స్ మీద దుమ్మా అని మీరు అనుకునే లోపు పక్కన ఎవరో "షార్పీ" అనేస్తారు. అంత దూరంలో రంగు కనపడదు, ముక్కు కనపడదు, మరెలా చెప్పారు అంటే ఎగిరే తీరుని బట్టి, టపటపటపా నాలుగైదు సార్లు రెక్కలు కొట్టి, తర్వాత కాసేపు జారి, మళ్ళీ టపటపా. షార్ప్-షిన్డ్ హాక్ అనే చిన్న డేగ అంతే, దాన్నే ముద్దుగా షార్పీ అంటారు. దాని కన్నా పెద్దదైన కూపర్స్ హాక్‌కి తల రెక్కల ముందుకి బాగా పొడుచుకొచ్చి ఉంటుంది, రెక్కలు కొట్టేది కాస్త నిదానం. ఆస్ప్రే అయితే రెక్కలు మధ్యలో మడిచి ఇంగ్లీష్ ఎమ్ ఆకారంలో, టర్కీ వల్చర్ అయితే రెక్కలు పైకెత్తి వి ఆకారంలో అటూ ఇటూ ఊగుతూ. ఒక పూట కూర్చుంటే ఈ నాలుగూ మీకు వచ్చేస్తాయి, గ్యారంటీ.

ఆ షార్పీ మీద నుంచి కళ్ళు తీయొద్దు, అసలు సంగతి ఇక్కడుంది. లుకౌట్ దగ్గర ఒక కర్ర మీద ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మ పెట్టి ఉంటుంది. గుడ్లగూబ అంటే డేగలకి పడదు, ముఖ్యంగా షార్పీలకి. నలకగా ఉన్నది కాస్తా రెక్కలు ముడిచి రిడ్జ్ అంచు వెంబడి దూసుకొచ్చి, ఆ బొమ్మ తల మీద నుంచి ఒక్క విసురు విసిరి, గాల్లోనే వెనక్కి తిరిగి ఇంకోసారి వస్తుంది. అప్పుడు మీకూ దానికీ మధ్య కొన్ని అడుగులే ఉంటాయి, బైనాక్యులర్స్ దించేయాల్సిందే. ఆ కన్ను పసుప్పచ్చగా కనపడుతుంది, రొమ్ము మీద గోధుమరంగు చారలుంటే ఈ ఏడాది పుట్టిన పిల్ల. మగదైతే వంద గ్రాముల బరువుంటుంది అంతే. అంత చిన్న ప్రాణి, పుట్టి కొన్ని నెలలు, ముందెప్పుడూ చూడని దారిలో ఒంటరిగా వందల మైళ్ళు పోతోంది అని తెలిసి చూస్తే ఆ చూపే వేరు. మన వైపు ఒకసారి చూసి వెళ్ళిపోతుంది. కౌంటర్ ఒకటి రాసుకుంటారు.

ఈ రాసుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చింది. గంట గంటకీ ఏ జాతివి ఎన్ని, గాలి ఎటు నుంచి ఎంత స్పీడు, టెంపరేచర్ ఎంత, మబ్బు ఎంత, ఎంత దూరం కనపడుతోంది, అన్నీ రాస్తారు. ఏదన్నా మరీ దూరంగా పోయి ఏంటో తెలియకపోతే తెలియలేదు అనే రాస్తారు, ఊహించి ఏదో ఒక పేరు వేసేయరు. అన్ని ఏళ్ళ లెక్క మీద జనానికి నమ్మకం ఉందంటే కారణం అదే.

ఆ నమ్మకం ఎంత దూరం వెళ్ళిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1920ల్లో, 30ల్లో ఇదే కొండ మీదకి జనం తుపాకులు పట్టుకుని వచ్చేవాళ్ళు. డేగలంటే కోళ్ళని ఎత్తుకుపోయే దొంగలు అనే లెక్క అప్పుడు, 1929లో పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ గాస్‌హాక్ అనే పెద్ద డేగని చంపితే ఒక్కోదానికి 5 డాలర్ల బహుమానం కూడా పెట్టింది. కింద నేల మీద వరసగా పేర్చిన చచ్చిన డేగల్ని 1932లో రిచర్డ్ పఫ్ ఫోటోలు తీశాడు, అవి చూసి న్యూయార్క్ ఆవిడ రోజలీ ఎడ్జ్ 1934లో దాదాపు 1,400 ఎకరాలు లీజుకి తీసుకుని తర్వాత కొనేసింది. కాపలాకి మారిస్ బ్రౌన్‌ని, ఆయన భార్య ఇర్మాని పెట్టింది. ఇర్మా కింద రోడ్డు దగ్గర నిలబడి వేటగాళ్ళని వెనక్కి పంపేది, మారిస్ పైన కూర్చుని లెక్కపెట్టేవాడు. మీరు కూర్చునే బండలు అవే. ఈ సంగతి తెలిశాక అక్కడ గట్టిగా మాట్లాడబుద్ధి కూడా కాదు నాకైతే.

మారిస్ బ్రౌన్ బాల్డ్ ఈగిల్స్ లెక్కపెట్టేటప్పుడు పెద్దవెన్ని పిల్లలెన్ని అని వేరువేరుగా రాసేవాడు, తల తెల్లబడటానికి ఐదేళ్ళ దాకా పడుతుంది కాబట్టి పిల్లల్ని గుర్తుపట్టడం సులువు. 1935-39 మధ్య వచ్చిన ఈగిల్స్‌లో 40 శాతం పిల్లలే, 1955-59కి వచ్చేసరికి అది 20 శాతానికి పడిపోయింది. 1957లో అయితే 32 పెద్దవాటికి ఒకే ఒక్క పిల్ల. డీడీటీ అనే పురుగుమందు ఒంట్లోకి పోయి గుడ్ల పెంకులు పల్చబడి పిల్లలు పుట్టడం లేదని తర్వాత తేలింది. రచయిత్రి రేచెల్ కార్సన్ 1962లో సైలెంట్ స్ప్రింగ్ పుస్తకంలో ఈ అంకెలే వాడింది, 1972లో అమెరికాలో డీడీటీ ఆగింది. ఇప్పుడు అదే రాయి మీద కూర్చుంటే సీజన్‌కి వందల బాల్డ్ ఈగిల్స్ పోతాయి. ఒకాయన ఏళ్ళ తరబడి బండ మీద కూర్చుని నిజాయితీగా గీతలు గీసుకున్నందుకు ఎవరూ ఊహించని పని జరిగింది. అలాగని అన్నీ బాగున్నాయని కాదు, అమెరికన్ కెస్ట్రెల్ అనే చిన్న ఫాల్కన్ తగ్గిపోతోందని కూడా ఇలాంటి లెక్కల్లోనే బయటపడింది, అందుకే కెస్ట్రెల్ కనపడితే కౌంటర్ మొహంలో ఆ సంతోషం వేరేగా ఉంటుంది.

ఇక ఎప్పుడు వెళ్ళాలి. దీని మీదే మీ ట్రిప్ అంతా ఆధారపడి ఉంది కాబట్టి వినండి. డేట్ కన్నా గాలి ముఖ్యం. కోల్డ్ ఫ్రంట్ (ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు) దాటిన మర్నాడు, వాయవ్యం నుంచి గాలి గట్టిగా వీస్తుంటే పనులు పక్కన పెట్టి వెళ్ళండి. ఆ గాలి వచ్చి రిడ్జ్‌కి తగిలి పైకి లేస్తుంది, పక్షులు రెక్క కొట్టకుండా ఆ గాలి మీద రిడ్జ్ పొడుగునా జారిపోతాయి, మీ కళ్ళ ఎత్తులో, ఒక్కోసారి మీకన్నా కిందుగా కూడా. దక్షిణం గాలి, వాన, పొగమంచు ఉన్నరోజు వెళ్తే వ్యూ కూడా ఉండదు. ఇంకో మాట, మబ్బు ఒక్కటీ లేని నీలాకాశం ఫోటోలకి బాగుంటుంది కానీ పక్షుల్ని వెతకడానికి అదే కష్టం, ఎత్తులో నలక దొరకదు, తెల్ల మబ్బులుంటే వాటి మీద నల్లగా తేలుతుంది.

సెప్టెంబర్ మధ్యలో బ్రాడ్-వింగ్డ్ హాక్స్ టైం, ఇవి మాత్రం గుంపులుగా పోతాయి. ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేచే చోట అన్నీ చేరి, ఎసట్లో బియ్యపు గింజలు తిరిగినట్టు గిరగిరా తిరుగుతూ ఎత్తుకెళ్ళి, పైకి చేరాక ఒకదాని వెనక ఒకటి బారుగా జారిపోతాయి. వీటిని లెక్కపెట్టాలంటే ఆ బారు కట్టినప్పుడే, తిరిగేటప్పుడు ఎవరి తరమూ కాదు. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దాకా పోయే పక్షులివి. 1978 సెప్టెంబర్ 14న ఒక్క రోజులో 21 వేలకి పైగా పోయాయి ఇక్కడ. అలాంటి రోజు మళ్ళీ మనకే దొరుకుతుందని కూర్చోవద్దు, కొన్ని వందలు చూసినా మెడ నొప్పి మర్చిపోతారు.

అక్టోబర్ మొదట్లో షార్పీలు, ఫాల్కన్లు, ఎక్కువ రకాలు చూడాలంటే ఇదే టైం. కాకపోతే అక్టోబర్ వీకెండ్స్‌లో ఆకుల రంగులు చూడటానికి వచ్చే జనంతో పార్కింగ్ కష్టం, కుదిరితే వీక్‌డేలో వెళ్ళండి, లేదా పొద్దున్నే. అక్టోబర్ చివర నుంచి నవంబర్ అంతా రెడ్-టెయిల్డ్ హాక్స్, నవంబర్ మొదట్లో గోల్డెన్ ఈగిల్. ఆరేడు అడుగుల రెక్కలు, ఒక్కటి వచ్చినా లుకౌట్ మీద అందరూ లేచి నిలబడతారు.

బైనాక్యులర్స్ 8x42 తీసుకోండి, అంటే 8 రెట్లు పెద్దగా చూపించేవి, ముందు లెన్స్ 42 మిల్లీమీటర్లు. 10x42 చేతులు వణక్కుండా పట్టుకోగలిగితే పర్లేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, 30 రెట్లు 60 రెట్లు అని రాసి ఉండే జూమ్ బైనాక్యులర్స్ జోలికి పోవద్దు, వాటిలో ఆకాశం మసకగా కనపడుతుంది, పక్షిని పట్టుకునే లోపు అది మేరీలాండ్ దాటిపోతుంది. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ళకి ఒక నోట్‌బుక్, పెన్సిల్ ఇచ్చి వాళ్ళ లెక్క వాళ్ళని రాసుకోమనండి, కౌంటర్ లెక్కతో సరిచూసుకుంటూ గంటలు కూర్చుంటారు, కానీ అంచుల దగ్గర చేయి వదలొద్దు, రాళ్ళ అవతల నిజంగానే లోయ. కుక్కల్ని రానివ్వరు. నీళ్ళు, తినేవి కింద నుంచే పట్టుకెళ్ళాలి. కింద విజిటర్ సెంటర్‌లో వేడి ఉన్నా పైన గాలికి చలేస్తుంది, సెప్టెంబర్‌లో కూడా ఒక జాకెట్ బ్యాగులో ఉండాలి, నవంబర్‌లో అయితే గ్లోవ్స్, టోపీ, ఫ్లాస్కులో టీ.

వెళ్ళే ముందు రోజు రాత్రి వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ రోజు లెక్క చూడండి, జాతుల వారీగా పెడతారు. పక్కనే వెదర్ యాప్‌లో రేపటి గాలి ఎటు నుంచో చూసుకోండి. వాయవ్యం అని ఉంటే పొద్దున ఎనిమిదింటికల్లా పార్కింగ్‌లో ఉండండి, దక్షిణం అని ఉంటే ఇంకో రోజుకి మార్చుకోండి.