జూనిపరా, వాక్కాయా? కడప ఎండకు ఏది మేలు

ఏడాది పొడవునా పచ్చగా ఉండాలి, నీళ్ళు పెద్దగా అడగకూడదు, తినే కాయ ఇవ్వాలి. ఈ మూడూ చెప్పి, "జూనిపర్ పెట్టమంటారా, వాక్కాయ పెట్టమంటారా?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు.

నిత్యం పచ్చగా ఉండే జూనిపర్ పొద అందం కాదనను. ఆకు నలిపితే వచ్చే ఆ వాసన బాగుంటుంది, నీళ్ళు నిలవని నేలైతే మొండిగా బతుకుతుంది. కానీ మన ప్రశ్న కాయ గురించి కదా. అన్నీ తేలేది అక్కడే.

జిన్ అనే మద్యానికి వాసననిచ్చే కాయలు జూనిపెరస్ కమ్యూనిస్ అనే జాతివి. మన దేశంలో అది పెరిగేది ఎత్తైన హిమాలయ వాలుల్లో, చలిలో. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడని కడప దానికి పడదు. పైగా ఆడ మొక్క, మగ మొక్క వేరువేరు. ఒక్క మొక్క పెట్టుకుని కాయ కోసం చూస్తే లాభం లేదు. కాయ పండి నీలంగా మారడానికి రెండు మూడేళ్ళు. ఇంతా చేసి అది కూరలో నాలుగు గింజలు వేసే మసాలా దినుసే తప్ప, నోట్లో వేసుకు తినే పండు కాదు.

ఇంకో సంగతి. నర్సరీల్లో జూనిపర్ పేరుతో దొరికేవి ఎక్కువగా చైనా జాతి అలంకరణ రకాలు. వాటి కాయలు నోట్లో పెట్టకండి. సబీనా అనే జాతైతే విషమే. పిల్లలున్న ఇంట్లో జాతి తెలియని జూనిపర్‌ను కాయల కోసం పెంచడం నాకు ససేమిరా నచ్చదు.

వాక్కాయకు ఈ తంటాలేవీ లేవు. దాని చుట్టం కలివి మన లంకమల కొండల చుట్టుపక్కల ముళ్ళ పొదల్లో తానే పెరుగుతుంది. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడ్డ కలివి కోడి అనే అరుదైన పక్షి ఉండేదీ అలాంటి పొదల మధ్యే. వాక్కాయకు ఎర్ర నేల, రాళ్ళ గట్టు, ఏదైనా సరే. మూడడుగులకొకటి నాటి కత్తిరిస్తూ ఉంటే కంచె అవుతుంది. ముళ్ళకు మాత్రం జాగ్రత్త, నడిచే దారి పక్కన వద్దు.

పచ్చికాయ పప్పులోకి, పులిహోరలోకి, ఊరగాయకు. కోసేటప్పుడు తెల్లటి పాలు కారి కత్తికి, వేళ్ళకు బంకలా అంటుకుంటాయి. ముందే చేతులకు కాస్త నూనె రాసుకోండి. బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు పాకం పట్టిన వాక్కాయే.

రేగు, ఉసిరి సంగతీ అడుగుతారు. రెండూ మంచివే, కాకపోతే ఆకు రాలుస్తాయి. ఏడాదంతా పచ్చదనం కావాలంటే వాటిని పక్కన పెట్టండి.

జూనిపర్ మీద మనసుంటే కుండీలో ఒకటి పెట్టుకోండి, చూసుకోవడానికి. కాయ కోసమైతే వాక్కాయే. గింజ నుంచి పెంచాలనుకుంటే ఎండబెట్టి దాచకండి, త్వరగా మొలకశక్తి పోతుంది. వానాకాలంలో నల్లగా పండినప్పుడు గుజ్జు కడిగేసి, అప్పటికప్పుడు మట్టిలో వేయండి.