పైవాళ్ల కుర్చీలకు నేను కొన్న తొడుగులు
కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్ మాది. పైవాళ్లు రాత్రి 11కి భోజనానికి కూర్చుంటారు. కుర్చీ లాగిన ప్రతిసారీ మా నెత్తిన కర్‌ర్‌మని మోత. ముందు చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు పెట్టుకున్నా. టీవీ గోల తగ్గింది గానీ, స్లాబులోంచి దిగే మోత మాత్రం పూర్తిగా ఆగలేదు.

చివరికి కుర్చీ కాళ్లకు వేసే సిలికాన్ తొడుగులు 16 కొని, గోంగూర పచ్చడి సీసాతో పైకెళ్లా. "అయ్యో, ముందే చెప్పొచ్చు కదమ్మా!" అన్నారు ఆంటీ. పచ్చడి చూసే ఒప్పుకున్నారని నా అనుమానం.

తొడుగుల అడుగున ఫెల్ట్ (మెత్తని మందపాటి గుడ్డ) ఉంది, టైల్స్ మీద మెత్తగా జారుతుంది. కర్‌ర్ పోయింది. సైజు మాత్రం కొలిచి కొనండి. ఒక కుర్చీకి వదులై రెండు రోజులకే ఊడిపోతే రబ్బరు బ్యాండ్లు చుట్టాం. వాళ్ల పిల్లాడి గెంతులకు మాత్రం ఇవేం పనిచేయవు. నాలుగు స్టార్లు.